రాత్రి షిఫ్టు ఉద్యోగం: ఎవరి గడియారం, ఎవరి పని

న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలకు ఆఫీసు మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30 అవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే 9 గంటలంటే ఇక్కడ రాత్రి 9:30 లేదా 10:30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. ఆ మరునాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలిలో ఆఫీసు క్యాబ్‌ల వేళలు కూడా మారిపోతాయి. మన దగ్గర గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. భోజనం, నిద్ర మాత్రం గంట అటూ ఇటూ జరుగుతాయి.

ఉద్యోగ ప్రకటనలో ఇదంతా ‘యూఎస్ షిఫ్ట్’ అనే రెండు మాటల్లో సరిపెడతారు. ఆ రెండు మాటల కింద వేర్వేరు దినచర్యలు దాగి ఉంటాయి. తూర్పు తీరపు క్లయింటుకు పనిచేసే వ్యక్తి వేసవిలో తెల్లవారుజామున 2:30కి పని ముగించి, నాలుగింటికల్లా పడుకుని, పదకొండింటికి లేవగలడు. మొదటి నుంచీ ఆలస్యంగా నిద్రపోయే అలవాటున్న మనిషికి ఇది మరీ కొత్త కాదు. పడమటి తీరపు క్లయింటు అయితే పని ముగిసేది ఉదయం 5:30కో 6:30కో. ఇల్లు చేరేసరికి ఎండ వచ్చేస్తుంది, వీధిలో స్కూలు బస్సుల హారన్లు మొదలవుతాయి. జీతం ఎంత అని అడిగేవారే గానీ ఏ తీరం అని అడిగేవారు తక్కువ. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది అదే.

రాత్రి షిఫ్టు తీసుకోవాలా వద్దా అనే ప్రశ్నకు ఇళ్లలో, స్నేహితుల్లో దొరికే జవాబులు సాధారణంగా రెండే. ఆరోగ్యం పాడుచేసుకోవద్దని ఒకటి. మొదట్లో కష్టపడితేనే పైకి వస్తావని రెండోది. రెండూ ఆ మనిషి మేలు కోరి చెప్పేవే. కానీ రెండింటిలోనూ పని ఊసే లేదు. రాత్రంతా మేలుకుని చేసే పని ఏమిటన్నది పక్కనపెట్టి మేలుకోవడం మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే తేలేది ఏమీ ఉండదు.

ఏ వేళలో ఏ పని జరుగుతుంది

ఒక అమెరికా బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థలను హైదరాబాద్ నుంచి 24 గంటలూ చూసుకునే బృందాన్ని తీసుకుందాం. అక్కడి ఉద్యోగులు, ఖాతాదారులు మేలుకుని ఉండేది మన రాత్రి. కాబట్టి లాగిన్ కావడం లేదు, రిపోర్టు తెరుచుకోవడం లేదు, చెల్లింపు ఆగిపోయింది వంటి ఫిర్యాదులన్నీ మన రాత్రి షిఫ్టుకే వస్తాయి. టికెట్ల (నమోదైన ఫిర్యాదుల) వరద అప్పుడే. మరి సర్వర్లకు ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే చిన్న మార్పులు) వేయడం, డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం, కొత్త రిలీజును ప్రొడక్షన్‌లోకి (ఖాతాదారులు వాడే అసలు వ్యవస్థలోకి) పంపడం వంటివి ఎప్పుడు చేస్తారు? వాడేవాళ్లు నిద్రపోతున్నప్పుడు. న్యూయార్క్‌లో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 వరకు అంటే వేసవిలో మనకు ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 1:30. చేతులు పెట్టి నేర్చుకునే పనిలో పెద్ద భాగం మన పగలే జరుగుతుంది.

ఈ సంగతి చాలామంది గమనించరు. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ రంగంలో ఎదగాలనుకునే కుర్రవాడు ‘అమెరికా వేళల్లో పనిచేస్తే ఎక్కువ నేర్చుకోవచ్చు’ అనుకుని రాత్రి షిఫ్టుకు ఒప్పుకుంటాడు. అదే ప్రాజెక్టులో పగటి షిఫ్టులో ఉన్న సహోద్యోగి మైగ్రేషన్లు (వ్యవస్థలను కొత్త చోటికి మార్చడం) చేస్తూ ఉంటాడు. ఇతను పాస్‌వర్డ్‌లు రీసెట్ చేస్తూ ఉంటాడు. బ్రిటన్ క్లయింటు అయితే లెక్క తిరగబడుతుంది. లండన్ మనకన్నా వేసవిలో నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడి అర్ధరాత్రి మార్పులు మన తెల్లవారుజామున పడతాయి, ఫిర్యాదులు మధ్యాహ్నం, సాయంత్రం వస్తాయి.

2024 జులై 19న జరిగింది గుర్తు చేసుకుంటే ఈ తేడా బాగా అర్థమవుతుంది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో నిలిచిపోయాయి. ఆ అప్‌డేట్ వెలువడినప్పుడు మన దగ్గర శుక్రవారం ఉదయం 9:39. న్యూయార్క్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటి 9 నిమిషాలు. ఒక్కో యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును తొలగిస్తే గానీ చాలావాటికి ప్రాణం రాలేదు. అమెరికా తూర్పు తీరం నిద్రలో ఉండగా మొదటి గంటల భారాన్ని మోసినవాళ్లలో ఇక్కడి పగటి షిఫ్టువాళ్లూ ఉన్నారు. పెద్ద ఆపద వస్తేనే అసలు చదువు వస్తుందనే మాట నిజమే కావచ్చు. అది రాత్రిపూటే వస్తుందన్న హామీ మాత్రం లేదు.

అయితే రాత్రి షిఫ్టుకు ఒక బలం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. నిర్ణయాలు తీసుకునేవాళ్లు అప్పుడు మేలుకుని ఉంటారు. డిజైన్ చర్చ, ప్రాధాన్యాల ఖరారు, ‘ఈ పని ఎవరికి ఇద్దాం’ అనే మాట అన్నీ అమెరికా పగటి వేళల్లోనే నడుస్తాయి. ఆ సమావేశంలో ఉన్న ఇంజినీరు పేరు వాళ్లకు తెలుస్తుంది. పగలు పనిచేసి సాయంత్రం మెయిల్ పెట్టి వెళ్లిపోయే ఇంజినీరు, ఎంత సమర్థుడైనా, వాళ్లకు ఒక మెయిల్ ఐడీగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రొడక్ట్ కంపెనీల్లో, విదేశీ కంపెనీలు ఇక్కడ సొంతంగా నడిపే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో అమెరికా బృందంతో కొన్ని గంటలు కలిసి పనిచేసే అవకాశం నిజమైన పెట్టుబడే. కాకపోతే దానికి రాత్రంతా అక్కర్లేదు. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకో, 2 నుంచి 11 వరకో ఉండే షిఫ్టుతో తూర్పు తీరంతో మూడు నాలుగు గంటలు కలుస్తాయి. చర్చలకు అది చాలు. ఆ మధ్యేమార్గం ఉందేమో అడగకుండానే పూర్తి రాత్రికి తలూపడం తొందరపాటు.

ఒకే అలర్ట్, ఇద్దరు ఉద్యోగులు

రాత్రి 1:40. తెర మీద ఒక అలర్ట్ ఎర్రగా వెలిగింది: చెల్లింపుల ఫైలును ప్రాసెస్ చేసే బ్యాచ్ జాబ్ (నిర్ణీత వేళకు దానంతటదే నడిచే ప్రోగ్రాం) ఫెయిలైంది. ఫిర్యాదులను ముందుగా అందుకునే మొదటి అంచె సపోర్టులో ఉన్న ఉద్యోగి రన్‌బుక్ (ఏ సమస్యకు ఏం చేయాలో రాసిన సూచనలు) తెరుస్తాడు. మూడో మెట్టులో ‘జాబ్‌ను మళ్లీ నడపండి, రెండుసార్లు ఫెయిలైతే రెండో అంచెకు ఫోన్ చేయండి’ అని ఉంటుంది. మళ్లీ నడుపుతాడు. రెండో ప్రయత్నంలో జాబ్ పూర్తవుతుంది. ‘రీస్టార్ట్ చేశాం, గమనిస్తున్నాం’ అని రాసి టికెట్ మూసేస్తాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. అతనికి అప్పగించిన పని అంతే, సర్వర్ లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో చెప్పే నమోదులు) చదివే అనుమతి కూడా అతనికి ఉండకపోవచ్చు.

అదే అలర్ట్ సమస్య మూలాన్ని వెతికే మూడో అంచె ఇంజినీరు దగ్గరకు వెళ్తే కథ వేరేగా ఉంటుంది. అతను లాగ్ తెరిచి చూస్తాడు. ప్రతి నెలాఖరులోనూ వేరే వ్యవస్థ నుంచి రావాల్సిన ఫైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తోందని, జాబ్ మాత్రం నిర్ణీత సమయానికే మొదలవుతోందని కనిపెడతాడు. సమయాన్ని బట్టి కాక ఫైలు వచ్చాకే జాబ్ మొదలయ్యేలా మార్చమని ప్రతిపాదిస్తాడు. మరుసటి వారం ఆ మార్పు అమలవుతుంది, ఆ అలర్ట్ మళ్లీ రాదు.

ఇద్దరూ ఒకే అంతస్తులో, ఒకే రాత్రి, ఒకే క్యాబ్‌లో వచ్చి పనిచేసినవాళ్లే. రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ‘మీరు సొంతంగా పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అన్నప్పుడు ఒకరి దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది. రెండోవారు రోజుకు ఎన్ని టికెట్లు మూశారో చెప్పగలరు. రెజ్యూమెలో ఇద్దరి అనుభవమూ రెండేళ్లే.

అందుకే ఆఫర్ వచ్చినప్పుడు హోదా పేరును నమ్మకూడదు. ‘సిస్టమ్స్ ఇంజినీర్’, ‘అసోసియేట్ కన్సల్టెంట్’ వంటి పేర్ల వెనక ఏ పనైనా ఉండవచ్చు. ఇంటర్వ్యూ చేసేవారిని సూటిగా అడగాల్సినవి వేరు: ఈ పాత్రలో ప్రొడక్షన్‌లో మార్పు చేసే అనుమతి ఉంటుందా, చూసే అనుమతేనా? కోడ్ రిపాజిటరీ (ప్రోగ్రాంలను భద్రపరిచే చోటు) అందుబాటులో ఉంటుందా? పెద్ద అంతరాయం వచ్చినప్పుడు అన్ని బృందాలూ కలిసే బ్రిడ్జ్ కాల్‌లో ఈ బృందం మాట్లాడుతుందా, విని నోట్సు రాస్తుందా? గత ఏడాది ఈ బృందం నుంచి బయటకు వెళ్లినవారు ఏ పాత్రల్లోకి వెళ్లారు? ఆఖరి ప్రశ్నకు తడబడకుండా జవాబు వస్తే మంచి సూచన. ‘ఇక్కడ నేర్చుకోవడానికి చాలా ఉంది’ అన్నది జవాబు కాదు.

సైబర్ సెక్యూరిటీ కొంత మినహాయింపు. సైబర్ దాడులను కనిపెట్టే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లలో మొదటి అంచె పని కూడా విసుగు పుట్టించేదే. వచ్చే అలర్టుల్లో అత్యధికం ఉత్తుత్తివే. కానీ వాటిలో అసలైన దాడిని వేరుచేసే చూపు అలవడేది ఆ అలర్టుల మధ్యే. ఆ రంగంలో పైకి వెళ్లినవారిలో చాలామంది రాత్రి షిఫ్టులు దాటి వెళ్లినవారే. వ్యవస్థలు ఆగకుండా చూసే సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్, పెద్ద అంతరాయాలను సరిదిద్దించే మేజర్ ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్ పాత్రలకూ ఇదే వర్తిస్తుంది. ఇక పాస్‌వర్డ్ రీసెట్, అలర్ట్‌ను ఎవరికో పంపడం, టికెట్‌ను వర్గీకరించడం వంటి పనులను ఇప్పటికే ఆటోమేషన్, చాట్‌బాట్‌లు తినేస్తున్నాయి. అటువంటి పనిని రాత్రిపూట చేసి అనుభవం సంపాదించుకుందామనుకోవడం గురించి ఎంత మొహమాటపడినా మంచి మాట చెప్పడం కష్టం.

ఇక్కడ హైదరాబాద్ వంటి చోట్ల కనిపించే రెండు ప్రత్యేక కొలువుల గురించి చెప్పుకోవాలి. ఒకటి అమెరికా ఐటీ రిక్రూట్‌మెంట్, బెంచ్ సేల్స్ (అక్కడ ప్రాజెక్టు లేకుండా ఉన్న ఐటీ ఉద్యోగులను క్లయింట్లకు కుదర్చడం). అమీర్‌పేట, మాదాపూర్, విజయవాడల్లోని చిన్న ఆఫీసుల్లో రాత్రి ఏడు నుంచి తెల్లవారుజాము దాకా ఫోన్ల మీద సాగే పని ఇది. పెళ్లి సంబంధాల్లో దీన్ని ‘సాఫ్ట్‌వేర్ జాబ్’ అనే చెబుతారు. కానీ ఇది అమ్మకాల పని. మాట నేర్పు, ఓపిక ఉన్నవారు ఇందులో బాగానే సంపాదిస్తారు; ప్రోగ్రామర్‌గా మారడానికి మాత్రం ఇది మెట్టు కాదు. రెండోది మరీ రహస్యంగా నడిచే ‘జాబ్ సపోర్ట్’. అమెరికాలో ఉద్యోగం సంపాదించిన మన తెలుగువారిలో కొందరు తాము చేయలేని పనిని ఇక్కడివారికి నెలకింత అని ఇచ్చి రాత్రిపూట స్క్రీన్ షేరింగ్‌లో చేయించుకుంటారు. నేర్చుకోవడానికి ఇది మంచి దారి అని ప్రచారం చేసేవారున్నారు. క్లయింటుకు తెలియకుండా వాళ్ల వ్యవస్థల్లోకి బయటి మనిషిని రానివ్వడం గోప్యతా ఒప్పందాల ఉల్లంఘన. బయటపడితే ఆ ఉద్యోగి కొలువు పోతుంది. ఇక్కడివారి పని అనుభవ పత్రంలో ఎక్కడా చేరదు. ఎవరి పేరు మీదో పెరిగే కెరీర్‌కు మన నిద్ర ధార పోయడమే అది.

హైక్‌లో అలవెన్స్ వాటా

డబ్బు లెక్క తేలికైనదే, కానీ చేసేవాళ్లు తక్కువ. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ప్రస్తుత జీతం ఏడాదికి 6 లక్షలు. రాత్రి షిఫ్టు ఆఫర్ 7.5 లక్షలు. చూడగానే 25 శాతం పెరుగుదల. అందులో రాత్రికి 400 రూపాయల చొప్పున నెలకు 22 రాత్రుల షిఫ్టు అలవెన్స్ కలిపి ఉందనుకుంటే అది నెలకు 8,800, ఏడాదికి 1,05,600. అసలు పెరుగుదల 44,400, అంటే ఏడున్నర శాతం లోపే. పగటి ఉద్యోగంలోనే ఉండి ఏడాది అప్రైజల్ కోసం ఆగినా దాదాపు అంత వచ్చి ఉండేదేమో.

అలవెన్సుకు మరికొన్ని లోట్లున్నాయి. సెలవు పెట్టిన రాత్రికి అది రాదు. పగటి షిఫ్టుకు మారిన నెలలోనే ఆగిపోతుంది. దాని మీద ఆదాయపు పన్ను మినహాయింపు లేదు. ఇంటి రుణానికి అర్హత లెక్కించేటప్పుడు మారుతుండే అలవెన్సును మూల వేతనంతో సమానంగా బ్యాంకులు చూడవు. అన్నింటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. రెండు మూడేళ్లు ఆ డబ్బుకు అలవాటు పడి ఈఎంఐలు పెట్టుకున్నాక పగటికి మారే అవకాశం వచ్చినా నెలకు తొమ్మిది వేలు తగ్గుతాయని వెనకాడేవారు ఉంటారు. ఆరోగ్యం కన్నా ముందు వాయిదాలు అడ్డుపడతాయి. కాబట్టి ఆఫర్‌ను బేరీజు వేసేటప్పుడు అలవెన్సును జీతంలో కలపకుండా పక్కన పెట్టి, మిగిలిన మొత్తానికే ఆ పని చేయడానికి సిద్ధమా అని చూసుకోవాలి.

సమయం లెక్క కూడా ఉంది. తొమ్మిది గంటల షిఫ్టుకు క్యాబ్ గంటన్నర ముందు వస్తుంది, నలుగురిని ఎక్కించుకుంటూ వెళ్తుంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే. మియాపూర్ లేదా ఎల్బీనగర్ వైపు ఉండేవారికి రోజుకు పన్నెండు గంటలు పోతాయి. మెట్రో రాత్రి 11 ప్రాంతంలో ఆగిపోతుంది కాబట్టి క్యాబ్ లేని కంపెనీ అయితే సొంత బండే దిక్కు.

ఒంటి గడియారం

శరీరానికి సొంత గడియారం ఉందన్నది పెద్దల మాట మాత్రమే కాదు. ఆ గడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులోని ఒక చిన్న కేంద్రం కంటికి అందే వెలుతురును బట్టి ఈ గడియారాన్ని సరిచేస్తూ ఉంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ పెరుగుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో శరీర ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరుతుంది. రాత్రి షిఫ్టులో తప్పులు, దారిలో ప్రమాదాలు ఎక్కువయ్యే వేళ అదే. ఉదయం ఎండలో ఇంటికి రావడంతో గడియారానికి ‘తెల్లవారింది’ అన్న సంకేతం అందుతుంది. అందుకే పగటి నిద్ర రాత్రి నిద్రకన్నా తక్కువసేపు, తేలికగా ఉంటుంది. మనిషి మొండివాడైనా ఒళ్లు వినదు.

క్యాన్సర్ భయం గురించి రకరకాలుగా వింటుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో, మళ్లీ 2019 సమీక్షలో రాత్రి షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఏ వర్గంలో ఉంచింది. పశువుల, మేకల మాంసం వంటి ఎర్ర మాంసం కూడా అదే వర్గంలో ఉంది. ఈ వర్గీకరణ ఆధారాలు ఎంత గట్టివో చెబుతుంది. ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. ఆ ఆధారాలు కూడా ప్రధానంగా ఏళ్ల తరబడి రాత్రిపూట పనిచేసిన నర్సుల వంటివారి నుంచి వచ్చినవి. ఏడాదిన్నర రాత్రి షిఫ్టు చేస్తే క్యాన్సర్ వస్తుందని ఇరవై నాలుగేళ్ల కుర్రవాణ్ణి బెదరగొట్టడం సరికాదు. ఏమీ కాదని పదిహేనేళ్లు కొనసాగించడమూ సరికాదు. ముందుగా తెలిసివచ్చేవి వేరే ఉంటాయి: నిద్ర లేమి, అజీర్తి, బరువు, చక్కెర. మూర్ఛ, బైపోలార్ వంటి సమస్యలున్నవారికి నిద్ర చెదరడమే నేరుగా ప్రమాదం. అదుపులో లేని మధుమేహం ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఒప్పుకోకూడదు.

స్థిరమైన రాత్రి షిఫ్టు మంచిదా, వారం వారం మారేది మంచిదా అంటే చాలామంది మారేదే నయమనుకుంటారు, ‘కొన్నాళ్లు పగలైనా దొరుకుతుంది’ అని. ఒంటి గడియారం రోజుకు సుమారు గంట చొప్పున మాత్రమే జరుగుతుంది. వారం గడిచి కాస్త సర్దుకునేలోపు రోస్టర్ మారితే ఏ వేళకూ కుదురుకోదు. మారక తప్పకపోతే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో ముందుకు మారడం కొంత మేలు. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్ణుంచి ఉదయానికి వెనక్కు మారడం ఎక్కువ కష్టం. శనివారం రాగానే మామూలు మనుషుల్లా పగలు తిరిగి సోమవారం మళ్లీ రాత్రికి వెళ్లడం కూడా వారానికోసారి ఖండాంతర ప్రయాణం చేసినట్టే.

ఇవన్నీ పుస్తకంలో చదివినప్పుడు బాగానే ఉంటాయి. కొండాపూర్‌లో ముగ్గురు పంచుకునే హాస్టల్ గదిలో పగలు పదింటికి నిద్రపోవడం వేరు. ఒకరికి అప్పుడే ఆఫీసు, ఇంకొకరికి ఫోన్‌లో మీటింగ్. కింద వీధిలో కూరగాయల ఆటో మైకు, పక్క ప్లాటులో గ్రానైట్ కోత. రాత్రి షిఫ్టుకు వెళ్లేవాళ్లే ఉండే గదిని వెతుక్కోవడం, కిటికీకి వెలుతురు చొరని మందపాటి తెర వేయడం మొదటి నెల జీతంతో చేయాల్సిన పనులు. టీ, కాఫీలు షిఫ్టు మొదటి సగంలోనే ముగించాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటి నిద్రకు అడ్డు. అన్నిటికన్నా ముఖ్యం, షిఫ్టు ముగిశాక బైక్ మీద ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారుల్లో నిద్రకళ్లతో ఇంటికి వెళ్లకపోవడం.

ఇల్లు, చట్టం

మహిళల విషయంలో చర్చ వెంటనే భద్రతవైపు మళ్లుతుంది. అది సహజమే. దుకాణాలు, సంస్థల చట్టంలోని పని వేళల నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు ఏళ్లుగా షరతులతో మినహాయింపులు ఇస్తూ వస్తున్నాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో ఒకటి సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కు ముందు మహిళలు పనిచేయాలంటే వారి సమ్మతి ఉండాలని, భద్రతా షరతులు పాటించాలని చెబుతోంది. సమ్మతి అన్న మాట ముఖ్యం. ఉద్యోగంలో చేరే రోజు ఇరవై కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించుకునే పత్రాల్లో ఇదీ ఒకటిగా రావచ్చు, చదివి సంతకం పెట్టాలి. క్యాబ్‌లో మొదట ఎక్కేది, చివర దిగేది మహిళే అయితే గార్డు ఉంటాడా? షిఫ్టు మధ్యలో ఒంట్లో బాగాలేకపోతే అప్పటికప్పుడు బండి ఇస్తారా? ఇంటి గుమ్మం దాకా దింపుతారా, సందు మొదట్లోనా? హెచ్ఆర్ చెప్పే విధానంకన్నా ఆ షిఫ్టులో ఉన్న మహిళా ఉద్యోగి చెప్పే అనుభవం నమ్మదగినది.

కుటుంబం సంగతి లెక్కలకు అందదు. సంక్రాంతి, దసరా అమెరికా క్యాలెండరులో లేవు. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ సెలవు మాత్రం వస్తుంది. శుక్రవారం షిఫ్టు శనివారం తెల్లవారి ముగుస్తుంది కాబట్టి శనివారం నిద్రకే సరి. భార్యాభర్తల్లో ఒకరిది పగలు, ఒకరిది రాత్రి అయితే గుమ్మం దగ్గర తాళాలు అందించుకోవడమే సంసారం అవుతుంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో మాత్రం కొందరు కావాలనే ఇలా ఏర్పాటు చేసుకుంటారు. పగలు తండ్రి, రాత్రి తల్లి పిల్లల దగ్గర ఉండేలా. అందులో నిద్ర కోల్పోయేది పగలు పిల్లలను చూసుకునే మనిషి.

బయటికి దారి

ఎంత మంచి పనైనా రాత్రి షిఫ్టులోకి వెళ్లేముందు అందులోంచి వచ్చే దారి చూసుకోవాలి. పెద్ద సర్వీసు కంపెనీల్లో అంతర్గతంగా వేరే ప్రాజెక్టుకు దరఖాస్తు చేసుకోవాలంటే ఉన్నచోట ఏడాదో ఏడాదిన్నరో పూర్తిచేయాలన్న నియమం ఉంటుంది. అది పూర్తయ్యాక కూడా మేనేజర్ వదలాలి. రాత్రిపూట ఒప్పుకునేవాళ్లు దొరకడం కష్టం కాబట్టి బాగా పనిచేసేవాణ్ణి వదలడానికి మేనేజర్‌కు మనసు రాదు. ‘ప్రత్యామ్నాయం దొరకగానే పంపుతాం’ అన్న మాట మీద ఏడాది గడిచిపోయినవారు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తారు. పని చేతకానివాడు తొందరగా బయటపడటం, చేతనైనవాడు చిక్కుకుపోవడం ఇక్కడి వింత.

ఎన్ని నెలల తర్వాత పగటి షిఫ్టుకు లేదా వేరే పాత్రకు మార్పు పరిశీలిస్తారో నియామకానికి ముందే మెయిల్‌లో రాయించుకోవడం అందుకే మంచిది. కంపెనీ దాన్ని ఒప్పందంగా భావించకపోవచ్చు, కానీ రాతలో ఉన్న మాటను గుర్తు చేయడం, నోటి మాటను గుర్తు చేయడం ఒకటి కాదు. బాండ్ ఉందా, నోటీస్ పీరియడ్ 90 రోజులా అన్నవీ అప్పుడే చూసుకోవాలి. మరో ఉద్యోగం వెతుక్కునే కాలంలో ఇంటర్వ్యూలన్నీ పగలే ఉంటాయి. రాత్రి తొమ్మిది గంటలు పనిచేసి ఉదయం పదకొండింటికి సిస్టమ్ డిజైన్ రౌండుకు కూర్చోవడం ఎంతటివాళ్లకైనా కష్టం. సెలవులను పండుగలకు ఖర్చుపెట్టేసుకోకుండా కొన్ని అందుకోసం దాచుకోవాలి.

చేతిలో ఇంకే ఆఫరూ లేని ఫ్రెషర్ పరిస్థితి వేరు. ఏడాది ఖాళీగా ఉండటంకన్నా రాత్రి సపోర్టు ఉద్యోగం మేలే; రెజ్యూమెలో ఖాళీ పెరిగేకొద్దీ తలుపులు మూసుకుంటాయి. కానీ అటువంటివారు మొదటి రోజు నుంచే రెండు పనులు చేయాలి. తాము మూసిన ప్రతి ఆసక్తికరమైన టికెట్‌కు అసలు కారణం ఏమిటో క్లయింటు వివరాలు లేకుండా సొంత పుస్తకంలో రాసుకోవడం ఒకటి. షిఫ్టులో టికెట్లు పలచబడే వేళ, సాధారణంగా చివరి రెండు గంటలు, స్క్రిప్టింగ్ (చిన్న ప్రోగ్రాంలు రాయడం) నేర్చుకుని తమ రన్‌బుక్‌లోనే ఒక మెట్టును ఆటోమేట్ చేసి చూపించడం రెండోది. మొదటి అంచె నుంచి మూడో అంచెకు దారి కోర్సుల్లోకన్నా అక్కడే ఎక్కువగా దొరుకుతుంది. అనుభవం ఉండి, పగటి ఉద్యోగం చేతిలో ఉన్న మనిషి మాత్రం అలవెన్స్ తీసేశాక కూడా చెప్పుకోదగ్గ పెరుగుదల, తన చేతికి దక్కే కొత్త పని, గడువు చెప్పిన బయటి దారి ఈ మూడింటిలో కనీసం రెండు లేకుండా కదలడం నష్టమే.

మరో సంగతి. పగటి ఉద్యోగమే కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ‘వ్యాపార అవసరాలను బట్టి ఏ షిఫ్టులోనైనా పనిచేయాల్సి ఉంటుంది’ అన్న వాక్యం పగటి ఉద్యోగాల ఆఫర్ లెటర్లలోనూ సర్వసాధారణం. క్లయింటు మారితే, ప్రాజెక్టు ముగిస్తే ఆ వాక్యం బయటికి వస్తుంది. రాత్రి వద్దనుకుని వేరే ఆఫర్ ఎంచుకునేవారు ముందుగా వెతకాల్సింది ఆ వాక్యాన్నే. ఆ బృందం గత రెండేళ్లలో దాన్ని ఎన్నిసార్లు వాడిందో అక్కడ పనిచేసేవారిని అడిగి తెలుసుకోవాలి.